బురుజు గొళ్లెం

అదిలాబాద్ జిల్లాలో బోథ్‌కు ఏడు కిలోమీటర్ల అవతల మా ఊరు. ఊరికి ఉత్తరాన, మా చేను గట్టు పక్కన సర్కారు జాగాలో ఒక బురుజు ఉంది. కింద రాయి, పైన మట్టి, లోపల ఒక గది, నాలుగు నిలువుల ఎత్తు. మూడేళ్ల కింద, నేను టీచరుగా రిటైరైన నెలలోనే, రోడ్డు పని చేయించే కంట్రాక్టరు ఒకడు దాని మట్టి మీద కన్నేశాడు. పాత మట్టి గట్టిగా ఉంటుందట, రోడ్డు కింద పోస్తే దిగబడదట. జేసీబీ వచ్చి ఒక పక్క కొరికింది కూడా. నేను ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని దాని ముందర కూర్చున్నాను.

డ్రైవరు నా దగ్గర చదువుకున్నవాడే, వెంకటేశ్. ఇంజను ఆపి కిందికి దిగి, "టీచర్, ఎండల కూసున్నరు, జర నీడకు జరుగుండ్రి" అన్నాడు.

"నేను జరిగితే నువ్వు ముందుకు జరుగుతావు. నాకు తెలియదా" అన్నాను.

మూడు రోజులు కూర్చుంటే కంట్రాక్టరు విసిగి వేరే మట్టి వెతుక్కున్నాడు. అప్పటి నుంచి ఊళ్లో నా పేరు బురుజు టీచర్. మా ఆయన ప్రేమ్‌సాగర్‌రావు మాత్రం దీన్ని చాక్‌పీసు జబ్బు అంటాడు. ముప్పై ఒక్క ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి, పిల్లలు దొరక్కపోయేసరికి ఊరికే పాఠం చెబుతున్నానట. అనుకోనీ. నాకు మాట పడటం అలవాటు లేకపోయినా, ఆయన అనే మాటలకు మినహాయింపు ఇచ్చేశాను.

నేను ఊరికి చెప్పిన ఆ పాఠం ఇది. పద్దెనిమిది వందల యాభై ఏడులో ఉత్తరాదిన లేచిన తిరుగుబాటు అణిగిపోయాక కూడా మా అడవుల్లో అణగలేదు. గోండులు, రోహిలాలనే పఠాన్ సిపాయిలు కలిసి ఇంకో రెండు మూడేళ్లు ఇంగ్లీషు ఫౌజుతోనూ నిజాం ఫౌజుతోనూ కొట్లాడారు. ఇంతవరకు పుస్తకాల్లో ఉంది. మా బురుజు సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, మా అత్తగారి నోట్లో ఉంది. ఆవిడ నేను కాపురానికొచ్చిన మొదటి ఏడే చెప్పింది. ఓడిపోయి చెదిరిన వాళ్లలో కొందరు మా బురుజులో దాక్కున్నారు. మా ఆయనకు తాత తాత అయిన విఠల్‌రావు వాళ్లకు పన్నెండు రోజులు గుట్టుగా అన్నం పంపాడు. గుర్రాలకు నాడాలు కొట్టే నాల్‌బంద్ ఇమాం పోయి ఫౌజుకు ఖబరు చెప్పాడు. అందరూ చచ్చిపోయారు.

ఎంత బాగుంది కథ. వీరులున్నారు, అన్నం పెట్టినవాడున్నాడు, ద్రోహి ఉన్నాడు. ప్రతి ఆగస్టులో ఏడో తరగతి పిల్లలను వరుసలో నడిపించుకుంటూ బురుజు దాకా తీసుకుపోయి అక్కడ నిలబెట్టి చెప్పేదాన్ని. ఊళ్లో ఆ ఇమాం వంశంవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ఇంటిపేరు ఎవరికీ పట్టలేదు. ఖబరోళ్లు అంటేనే అందరికీ తెలుస్తుంది.

ఇక బురుజును కాపాడాలంటే కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలదని, పురావస్తు శాఖకు అర్జీ పెట్టాను. మూడేళ్లలో నాలుగు అర్జీలు. నాలుగో దానికి జవాబొచ్చింది. అక్టోబరులో ఆఫీసరు చూడటానికి వస్తారు, ఈ బురుజుకు తిరుగుబాటుతో సంబంధం ఉందని రాతలో రుజువు చూపించాలి, లేకపోతే ఇలాంటి మట్టి దిబ్బలు జిల్లాలో వందలున్నాయి. దిబ్బలు అన్నందుకు ఆ రోజంతా నాకు ఒళ్లు మండింది. కానీ అడిగింది న్యాయమే. నా దగ్గర అత్తగారి మాట తప్ప ఏముంది?

రుజువు మా పూజగదిలోనే ఉండొచ్చని ఆ జవాబు చదివాకే తట్టింది.

మా ఆయనవాళ్లది వెనకటి కాలంలో చుట్టుపక్కల ఊళ్ల కాగితాలు రాసిన కుటుంబం. ఆ కాగితాల కట్ట, మేము దఫ్తరం అంటాం, ఎర్రబట్టలో చుట్టి దేవుళ్ల పక్కన ఉంటుంది. ప్రతి దసరాకు దాన్ని పీట మీద పెట్టి, పసుపు నీళ్లు చల్లి, కుంకుమ పెట్టి, పాత బట్ట మీదే కొత్త బట్ట చుట్టి మళ్లీ లోపల పెడతారు. నూరేళ్ల పైనే అయిందట దాని ముడి విప్పక. విప్పకూడదని ఎవరూ అనలేదు. విప్పాలని ఎవరికీ అనిపించలేదు, అంతే. చదువు చెప్పుకుని బతికినదాన్ని, నాకూ అనిపించలేదు. ముప్పై తొమ్మిది దసరాలు ఆ కట్టకు దండం పెట్టాను.

నేను అడగ్గానే మా ఆయన ఒప్పుకున్నాడు. పైగా సంబరపడ్డాడు. "తాత పేరు మీద పక్కా కాయిదం దొరికితే ఇగ ఎవలు మాట్లాడుతరు" అన్నాడు. అప్పటికే బురుజు దగ్గర పెట్టడానికి ఒక ఇనుప ఫలకం చేయమని చెప్పి, నా చేత మాటలు రాయించి, వెల్డింగ్ షాపుకు పంపాడు కూడా.

ముడి విప్పితే ఒకదాని మీద ఒకటి ఎన్ని బట్టలున్నాయో లెక్క తెలియలేదు. పసుపు నీళ్లు ఏడాదికేడాది దిగి పై కాగితాలు అట్టలు కట్టాయి. చేత్తో ముట్టుకుంటే రాలాయి. మేము భక్తిగా తడిపి తడిపి సగం చంపేశాం. నడుమ ఉన్నవి మాత్రం బతికాయి. అన్నీ మోడి లిపిలో ఉన్నాయి. మరాఠీని కలం ఎత్తకుండా గొలుసుగా రాసే పాత రాత అది. ఇప్పుడు మా వైపు చదవగలిగేవాళ్లు లేరు. సరిహద్దు దాటి కిన్వట్‌లో విద్యాధర్ అనే పెద్దాయన ఉన్నాడని, భూమి తగాదాల వాళ్లు పాత కాగితాలు ఆయనతోనే చదివించుకుంటారని విని, బస్సెక్కి పోయాను.

విద్యాధర్ గారికి ఎనభై దాటాయి. అరుగు మీద కూర్చుని భూతద్దం పెట్టి ఒక్కో కాగితం చూసి పక్కన పెడుతున్నాడు. ఇది వరి లెక్క, ఇది పెళ్లి పిలుపు, ఇది ఎడ్ల తగాదా. పదహారో పదిహేడో కాగితం దగ్గర ఆగాడు. ఒకసారి చదివి, మళ్లీ మొదటికి పోయాడు.

"బాయీ, గీ విఠల్‌రావు మీకేమైతడు?" అన్నాడు.

"మా ఆయనకు తాత తాత. ఎందుకండీ?"

"మంచినీళ్లు తాగుండ్రి ముందుగాల" అన్నాడాయన.

అది విఠల్‌రావు ఫసలీ పన్నెండువందల అరవై తొమ్మిదిలో, అంటే ఇంచుమించు పద్దెనిమిది వందల అరవైలో, పైఅధికారికి పెట్టుకున్న అర్జీకి ఇంట్లో ఉంచుకున్న నకలు. విద్యాధర్ గారు ఒక్కో వాక్యం మరాఠీలో చదివి తెలుగులో చెప్పాడు. సర్కారుకు ఎదురు తిరిగిన పదకొండుమంది అడవిలో ఆకలితో తిరుగుతుంటే అన్నం పెడతానని నమ్మించి బురుజులోకి పిలిచాను. పన్నెండు రోజులు పెట్టాను. పదమూడో రోజు బయట గొళ్లెం పెట్టి ఫౌజుకు మనిషిని పంపాను. ఈ ఊరి నాల్‌బంద్ ఇమాం అనేవాడు అది తెలుసుకుని సుత్తెతో గొళ్లెం పగలగొట్టాడు. దానివల్ల నలుగురు తప్పించుకున్నారు. మిగిలిన ఏడుగురినీ, ఇమాంనూ ఫౌజు అక్కడే కాల్చేసింది. నేను చేసిన సేవకు హుజూరు వారు మాటిచ్చిన ప్రకారం వాగు పక్క చేను ఇనాంగా ఇప్పించాలి.

కింద పేర్లు. మడావి సోము, ఆత్రం లచ్చు, కుమ్ర జంగు, సిడాం మారు, లింగాజీ, సైదుల్లా ఖాన్, మీర్‌బాజ్ ఖాన్. ఎనిమిదోది, ఇమాం నాల్‌బంద్.

ఆ చేను ఇప్పటికీ మాదే. దాన్ని ఇనాం చేను అనే పిలుస్తాం. ఏదో ఘనకార్యానికే ఇచ్చారని అత్తగారు గర్వంగా చెప్పేది.

తిరుగు బస్సులో నాకు ఇంకొక సంగతి తోచి మరీ సిగ్గేసింది. ఫలకానికి నేను రాసిచ్చిన మాటల్లో విఠల్‌రావు పేరుంది, ఇమాం పేరుంది. చనిపోయినవాళ్లు ఉత్త వీరులు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క పిల్లవాడైనా వాళ్ల పేర్లేంటి టీచర్ అని అడగలేదు. అడగాలని నేను నేర్పలేదు. ఇప్పుడు వాళ్ల పేర్లు లోకంలో ఒక్క చోటే మిగిలాయి. వాళ్లను పట్టిచ్చినవాడి చేతిరాతలో.

ఆ కాగితం నా బీరువాలో చీరల కింద పెట్టాను. మా ఆయన అడిగితే ఇంకా కొన్ని చదవాల్సి ఉందన్నాను. అబద్ధం. పందొమ్మిది రోజులు దాచాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను, భయం. ఇంటి పేరు పోతుందన్న భయం కొంత, నా పేరు పోతుందన్న భయం అంతకన్నా ఎక్కువ. ఇంతమందికి తప్పు చెప్పిన టీచరుగా మిగలడం కన్నా, బురుజు మట్టి రోడ్డు కిందికి పోయినా ఫరవాలేదని కూడా ఒకరోజు అనుకున్నాను. దానికోసమే మూడు రోజులు ఎండలో కూర్చున్న మనిషిని.

ఇరవయ్యో రోజు ఆదివారం పొద్దున అక్బర్ వచ్చాడు.

అక్బర్ ఆ ఇమాం వంశంవాడే. రోడ్డు మీద వెల్డింగ్ షాపు. నలభై నాలుగేళ్లుంటాయి. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నా క్లాసులో ఉన్నాడు. మా ఆయన ఫలకం పని ఇచ్చింది అతనికే, ఊళ్లో ఇనుము పని తెలిసినవాడు ఇంకెవరూ లేరు కాబట్టి. కూర్చోమంటే కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి, నేను రాసిచ్చిన కాగితం జేబులోంచి తీశాడు.

"టీచర్, పని ఆగిందని సారు పరేషాన్ అయితుండు. నాదే తప్పు. ఒక్క ముక్క అడుగుదామని ఆగిన."

"ఏంటి అక్బర్?"

"గిక్కడ నాల్‌బంద్ ఇమాం ద్రోహం అని ఉన్నది గద. గా పేరు తీసేస్తే నడ్వదా? ద్రోహం అని ఉండనియ్యుండ్రి. ఎవలు చేసిండ్రో మా ఊరికి ఎరికే. నోటితోటి చెప్పుకుంటె ఒక తీరు టీచర్. ఇనుపది అట్లనే ఉంటది. నా బిడ్డ యుమ్నా రోజు గదే తొవ్వల కాలేజికి పోతది."

అతను మా వాళ్లు చేయలేదు అనలేదు. చేశారనే నమ్ముతున్నాడు. ఆ పేరు తన చేత్తో కోసి అతికించాల్సి వస్తే, వదిలెయ్యమని బతిమాలుతున్నాడు. నిజం నా వెనక గదిలో చీరల కింద ఉంది. నేనేమన్నానో తెలుసా. "చూస్తాలే" అన్నాను. అతను దండం పెట్టి వెళ్లిపోయాడు.

జన్మలో నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన కలిపిన ముద్ద అలాగే పట్టుకుని విన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "గా కాయిదం సదివేటోళ్లు ఎందరున్నరు?" అన్నాడు.

"కిన్వట్ ఆయన ఒక్కడే."

"ఆయన పోతె ఇగ అవి ఉత్త గీతలే. ఇను రాధా. అక్బర్ అడిగింది చిన్న ముక్క. తీసేద్దాం. ఆయనకు కుశాల్. తాత పేరు గట్లనే ఉంచుదాం. మనకు కుశాల్. నూటఅరవై ఏండ్ల సంగతి, చచ్చినోళ్లు లేచి వచ్చి అడుగుతరా?"

"రుజువు చూపించకపోతే బురుజు పోతుంది."

"పోనీ" అన్నాడు. "మట్టే గద."

ఆయన చెడ్డవాడు కాదు. రేపు పదిమందిలో ఎట్లా కూర్చోవాలి అన్న దిగులు తప్ప ఆయన ముఖంలో ఇంకేం లేదు. ఆ దిగులు నాకూ ఉంది. కానీ మట్టే కదా అన్న మాట నేను రెండు రోజుల ముందు నాలో నేను అనుకున్నదే. అది ఆయన నోట వినేసరికి నాకు వెన్ను నిలబడింది. చెయ్యి కడుక్కుని, కాగితం తీసుకుని, ఎండలోనే అక్బర్ షాపుకు పోయాను.

అక్బర్ ఒక గేటు అతుకుతున్నాడు. నన్ను చూసి నల్లద్దాలు నుదుటి మీదికి తోసి, స్టూలు తుడిచాడు. నేను కూర్చుని విద్యాధర్ గారు తెలుగులో రాసిచ్చిన కాగితం మొత్తం చదివాను. క్లాసులో చదివినట్టు చదవడానికే ప్రయత్నించాను.

"గా సుత్తె కాడ మల్ల సదువుండ్రి" అన్నాడు.

మళ్లీ చదివాను. ఇంకోసారి అన్నాడు. మూడోసారీ చదివాను. అతను గేటు చువ్వ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏడవలేదు, నవ్వలేదు.

"మా అబ్బా హోటల్ల లోపట కూసొని చాయ్ తాగంగ నేను సూడలే" అన్నాడు. "బైట నిలవడి తాగెటోడు. ఎందుకు అబ్బా అంటె, మనం గట్లనే రా అనెటోడు. మా తమ్ముడు షోయబ్ నిర్మల్ల ఉంటడు. గాడ ఎవలకు గీ ఊరి పేరు చెప్పడు. అందరం ఒప్పుకొనే బతికినం టీచర్."

"నన్ను క్షమించు అక్బర్. నాకు తెలియదు."

"మీకు ఎరిక లేదు, నిజమే." అతను నా వైపు చూడకుండానే అన్నాడు. "మీరు మమ్ములను బురుజు కాడికి కొంచవొయిన్రు, యాదికున్నదా. అందరు నా దిక్కు సూసిన్రు. మీరు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇందుల వీని తప్పేమి లేదు అన్నరు. మంచిగనే అన్నరు. గా దినం సంది నాతోని ఎవలు కూసోలే."

నాకు జ్ఞాపకం లేదు. దేవుడి మీద ఒట్టు, ఆ చెయ్యి పెట్టిన జ్ఞాపకమే లేదు. ఏటా ఎంతమంది తల మీద చెయ్యి పెట్టి ఉంటాను.

"పరీక్షల ప్రశ్న ఉంటుండె, బురుజులోని వీరులను పట్టిచ్చింది ఎవరు అని. ఒక్క మార్కు. నేను రాసిన. నా బిడ్డ గూడ ఏడుల ఉన్నప్పుడు రాసింది. దానికి మీరు రైట్ కొట్టిన్రు" అన్నాడు అక్బర్.

"ఏం చేయమంటావో చెప్పు" అని అడిగాను.

"నాకు చెప్తె ఏమైతది టీచర్. ఊరికి చెప్పిన్రు గద. ఊరికే చెప్పుండ్రి."

అక్టోబరులో ఆఫీసరు వచ్చాడు. నేను అసలు కాగితం, తెలుగు రాత, విద్యాధర్ గారి సంతకం అన్నీ ఊరి జనం ముందరే ఇచ్చి, అర్జీ మొత్తం పైకి చదివాను. ఎనిమిది పేర్లూ చదివాను. మా ఆయన రాలేదు. వెంకటేశ్, ఆ జేసీబీ డ్రైవరే, వెనక నుంచి, "మరి గిన్నేండ్లు మీరు చెప్పింది గూడ నిజమనే అనుకున్నం గద టీచర్. గిది నిజమని ఎట్ల నమ్మాలె?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర చదువుకున్నవాళ్లలో నాకు ఎదురు ప్రశ్న వేసినవాడు అతనొక్కడే.

"నన్ను నమ్మకు. కాగితం చూడు. కిన్వట్ పోయి అడుగు" అన్నాను. నిజంగానే పోయి అడిగొచ్చాడని తర్వాత తెలిసింది.

పదిరోజుల్లో తహసీల్ ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. తేలేదాకా బురుజు మట్టి ఎవరూ ముట్టకూడదు. నేను గెలిచినట్టే. దసరాకు మా ఆయన ఎప్పటిలాగే దఫ్తరం పీట మీద పెట్టి కుంకుమ పెట్టాడు, ఆ ఒక్క కాగితం లేకుండా. నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు.

ఫలకానికి కొత్త మాటలు రాసుకుని అక్బర్ దగ్గరికి పోయాను. ముందు ఎనిమిది పేర్లు. కింద ఒక వాక్యం. వీరిని నమ్మించి బురుజులో పెట్టి గొళ్లెం వేసి పట్టించినది ఈ ఊరి విఠల్‌రావు. అది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రాశాక మాత్రం తేలిగ్గా అనిపించింది. నా వంతు శిక్ష నేను అనుభవిస్తున్నానన్న తృప్తి ఏదో.

అక్బర్ పేర్లన్నీ వేలు పెట్టి చదువుకున్నాడు. ఎనిమిదో పేరు దగ్గర వేలు కొంచెంసేపు ఉంచాడు. కింది వాక్యం దగ్గరికొచ్చి కాగితం మడిచాడు.

"పేర్లు కోస్త. రేపటి సంది మొదలుపెడ్త. గిది మాత్రం నేను కొయ్య" అన్నాడు.

"నిజం అక్బర్. కాగితంలో ఉన్నదే."

"నిజమే. మీ శ్రేయ ఏ తరగతి టీచర్?"

నాకు అర్థం కాలేదు. శ్రేయ మా మనవరాలు. మా కొడుకు భానుప్రసాద్ అదిలాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు, పిల్ల మా దగ్గరే ఉండి ఊరి బడిలో చదువుతుంది. "ఏడు" అన్నాను.

"గప్పుడు నేను గూడ ఏడే" అన్నాడు అక్బర్. "గీ ముక్క ఇనుములకు ఎక్కినంక గా పిల్ల గదే తొవ్వల బడికి పోవాలె. మీరు ఊరికి చెప్పిన్రు, ఆఫీసరుకు చెప్పిన్రు. గా పిల్లకు చెప్పిన్రా?"

చెప్పలేదు. ఆఫీసరు వచ్చిన రోజు తను అమ్మానాన్నల దగ్గర ఉంది. దసరా సెలవులు. ఈ మొత్తంలో నాకు ఇంటి పరువు గుర్తొచ్చింది, నా పరువు గుర్తొచ్చింది, చరిత్ర గుర్తొచ్చింది. పిల్ల గుర్తు రాలేదు. ఆ ఆలోచన వచ్చినవాడు అక్బర్ ఒక్కడే, అదెట్లా ఉంటుందో తెలిసినవాడు కాబట్టి.

"గా పిల్లను అడుగుండ్రి. సరే అంటె కోస్త. వద్దంటె నేను కొయ్య, మీరు ఎవలతోనన్న కోయించుకోండ్రి."

సాయంత్రం శ్రేయ బడి నుంచి వచ్చి, అటుకులు తిని, వరండాలో లెక్కలు చేసుకుంటోంది. పక్కన కూర్చుని చెప్పాను. పిల్లలకు చెప్పడం నాకు వచ్చిన పనే. మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పాను. వింటూ పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తోంది.

"తాతకు తెలుసా?"

"తెలుసు."

"బడిల అందరికి తెలుసు" అంది. "మొన్ననే తెలుసు. నాకు చెప్తలేరని నేను అడగలే."

సెలవులు అయిపోయి బడి తెరిచి ఐదు రోజులైంది. ఐదు రోజులుగా ఇది పోయి వస్తోంది, అన్నం తింటోంది, నా పక్కనే పడుకుంటోంది.

"ఎవరైనా ఏమన్నా అన్నారా?" అన్నాను.

"అనలే." పెన్ను పక్కన పెట్టింది. "నా పక్కన కూసోరు. గంతే."

"ఫలకం మీద ఆ మాట వద్దంటే వద్దు శ్రేయా. నువ్వు చెప్పినట్టే చేద్దాం. ఎవరూ నిన్ను ఏమీ అనరు."

కొంచెంసేపు ఆలోచించింది. లెక్క చేసేటప్పుడు కింది పెదవి కొరుకుతుంది, అలాగే కొరికింది.

"వాళ్ల పేర్లు రాసి, ఎవలు చంపిచ్చిన్రో రాయకుంటే, సదివినోళ్లు మల్ల ఇమాంనే అంటరు గద బాపమ్మా. రాయమను" అంది. నోటుబుక్కు మూసింది. "కని వచ్చే ఏడు నన్ను అదిలాబాద్ బడిల ఏయమని బాపుకు చెప్పు. గాడ మన ఊరు ఏదని అడిగితే నేను బోథ్ అని చెప్త."

లేచి లోపలికి పోయింది. నేను అక్బర్‌కు ఫోను చేశాను.

"సరే అంది" అన్నాను.

"ఇంకేమన్నదా టీచర్?" అని అడిగాడు.

"ఇంకేం అనలేదు" అన్నాను.